కొండవైపు తిరిగిన ముఖాలు

నీళ్ళ రంగు

నీళ్ళ రంగు మారిందని ముందు చెప్పింది నా ఎనిమిదేళ్ళ కూతురు ఇందు. వాగు మధ్యలో ఒక రాతి మీద కూర్చుని బొమ్మ గీసుకుంటూ, తలెత్తకుండానే, "అమ్మా, నీళ్ళు టీలాగా అయిపోయాయి" అంది. నేను గట్టు మీద చిన్నదానికి పొంగలి తినిపిస్తున్నాను. పైన ఎవరో గేదెల్ని దింపి ఉంటారులే అనుకున్నాను.

భయం వేసింది అప్పుడు కాదు. నాకు పది అడుగుల దూరంలో ఒకావిడ ఇత్తడి గిన్నె తోముతోంది. బూడిద, కొబ్బరిపీచు పెట్టి శ్రద్ధగా తోముతోంది. ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి ఆగింది. ఎండుటాకులు గుంపుగా తేలుతూ వచ్చి ఆవిడ మోచేతిని రాసుకుంటూ వెళ్ళాయి. ఆవిడ ఒక్కసారి కొండవైపు చూసింది. గిన్నెను నీళ్ళలోనే వదిలేసి లేచి గట్టెక్కింది. గిన్నె గుండ్రంగా తిరుగుతూ కొట్టుకుపోయింది. ఆవిడ దానివంక చూడను కూడా లేదు.

అంత మంచి ఇత్తడి గిన్నెను ఏ ఇల్లాలూ ఊరికే వదులుకోదు. నాకు భయం వేసింది ఆ క్షణాన. మా నెత్తిన ఎండ కాస్తోంది. ఎక్కడా ఒక్క చినుకు లేదు.

ఇది జరిగింది తమిళనాడులో రాజపాళయం దగ్గర, పడమటి కనుమలు నేలకు దిగే చోట. ఇంటికి తిరిగొచ్చి పది రోజులైంది. పిల్లలు నిద్రపోయాక రోజుకు కాస్త రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వాళ్ళ ఊపిరి వినొస్తున్నాను. మా ఆయనకు సగమే చెప్పాను. మిగతా సగం ఆయనా మీతోపాటే ఇక్కడ చదువుకుంటారు.

మందుల సంచి

దసరా సెలవుల్లో పిల్లలిద్దరినీ తీసుకుని రాజపాళయం వెళ్తానంటే మా అత్తగారు ఒకే ఒక ప్రశ్న అడిగారు. "పిల్లలకి జ్వరం వస్తే అక్కడి డాక్టరుకి ఏ భాషలో చెబుతావు?" ఆ ప్రశ్నతో నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. తెనాలిలో రైలెక్కేటప్పటికి నా సంచిలో పిల్లల గౌన్ల కంటే మందుసీసాలే ఎక్కువ.

తీరా దిగాక, స్టేషను బయట షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దాయన నాలుగేళ్ళ మిన్ను దగ్గు విని, "పాపకి తేనె పెట్టినారా?" అని అడిగారు. ఆయనకి మందుల షాపు ఉందట. కొన్ని వందల ఏళ్ళ కిందట మన వైపు నుంచి వచ్చి ఊరు కట్టుకున్న రాజులు, వర్తకులు ఇక్కడ ఇంకా ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు. మనకు సినిమాల్లో కూడా వినపడని తెలుగు అది. మధ్యలో అరవం వచ్చి కలుస్తుంది, ఎక్కడ కలిసిందో తెలియదు.

నా కాలేజీ స్నేహితురాలు రాజేశ్వరి వీధి చివర నిలబడి ఉంది. నా చేతిలో కాగితం చూసి, "ఏమే సుధా, ఇంకా లిస్టు రాస్తానే ఉండావా?" అంది. ఆ లిస్టులో పిల్లల్ని ఏ వేళకు ఏమి తాగించాలో రాసుకున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత కలుసుకున్నాం, ఆ మాటతో.

వాళ్ళ వీధికి అవతల నూలు మిల్లు. దాని గోడ పక్కన నడుస్తుంటే కదుర్ల హోరు చెవులకంటే ముందు పాదాలకు తెలుస్తుంది. నేల సన్నగా వణుకుతుంది. మిన్ను చెప్పులు విప్పి, వట్టి కాళ్ళతో నిలబడి నవ్వింది.

సరుకుల చీటీ

రాజేశ్వరి వాళ్ళ నానమ్మను ఇంట్లో అందరూ అవ్వ అంటారు. అవ్వ పిల్లల చేతులు పట్టుకు చూసి, "ఏమి తాయీ, ఇట్ట ఇళచిపోయినారు? నీవు లిస్టు రాస్తావే గాని అన్నం పెట్టవా?" అంది. నేను నొచ్చుకునేలోపే అరిటాకులు వేసి కూర్చోబెట్టింది. మధ్యాహ్నం కారం కొబ్బరితో పులుసు, రాత్రికి నూనెలో ముంచి కరకరలాడించిన పరోటాలు. పక్క ఊరినుంచి తెప్పించిన పాలకోవా పావుకిలో నూరు రూపాయలు, ముద్ద నోట్లో పెడితే ఇంకేమీ అడగబుద్ధి కాదు. మల్లెపూలు మనలాగ మూరతోనే కొలుస్తారు. కానీ అమ్మే ఆవిడ కొనేవాళ్ళ చేతిని కొలతకు తీసుకోదు, తన చేతినే చాస్తుంది. ఆవిడ చెయ్యి పొట్టి. ముప్పై రూపాయలకి అంతే.

సాయంత్రం అవ్వ సరుకుల చీటీ రాస్తోంది. కందిపప్పు, చింతపండు అని పైకి చదువుతూ రాస్తోంది. తొంగిచూస్తే అన్నీ అరవ అక్షరాలు. "అవ్వకి తెలుగు అక్షరం ఒకటి కూడా తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మాట మాది, అక్షరం ఊరిది" అంది రాజేశ్వరి. నోటితో అన్ని వందల ఏళ్ళు మోసుకొచ్చారు ఒక భాషని. నేను ఇంటికి ఫోను చేసి అత్తగారికి చెప్పిన మొదటి సంగతి అదే.

అద్దం వెనక వాగు

ఇంతదూరం వెళ్ళింది ఒక బొమ్మ కోసం.

వాళ్ళ హాల్లో తాతముత్తాతల ఫోటోల మధ్య, అద్దం కట్టించిన పాత చిత్రం ఒకటి ఉంది. సగం దినపత్రిక అంత ఉంటుంది. పెన్సిలూ గోధుమరంగు సిరా. రెండువందల ఏళ్ళ కిందట కొండలు కొలవడానికి వచ్చిన ఒక దొర, జ్వరం పడి వాళ్ళ పూర్వీకుల ధాన్యం కొట్టులో నెల రోజులు ఉండి, పోతూ పోతూ ఇచ్చి వెళ్ళాడట. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక మూల పురుగు తినేసింది.

ఆ రోజుల్లో ఆయన దేశంలో చిత్రకారులకు తుఫాన్లంటే, లోయలంటే, విరిగిపడే మంచు అంటే పిచ్చి. మనిషిని చీమంత గీసి, వాడి మీద కొండంత ప్రకృతిని నిలబెట్టేవారు. ఇదీ అలాంటిదే. కాగితం ముప్పాతిక భాగం కొండ, దానిమీద మబ్బు, కొండలోంచి విరుచుకుపడుతున్న వాగు. అడుగున ఆ నీళ్ళలో వరసగా తొమ్మిదిమంది మనుషులు. ముఖాలన్నీ కొండవైపే తిరిగి ఉంటాయి. అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి చెయ్యి ఒకటి ముందుకు చాచి ఉంటుంది.

కాలేజీలో రాజేశ్వరి ఈ బొమ్మ ఫోటో చూపిస్తే నేను దానిమీదే ఎం.ఏ. థీసిస్ రాశాను. "ప్రకృతి ముందు ఓడిన మనిషి, ఓటమిలోనూ దాన్ని ఆరాధనగా చూస్తున్నాడు, చాచిన చెయ్యి నిస్సహాయతకు గుర్తు" అని రాశాను. నడుములకు అడ్డంగా ఉన్న తెల్లటి చారను నురగ అని రాశాను. మా మాస్టారు ఆ పేరా కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశారు, మెచ్చుకుంటూ.

అసలు బొమ్మ ముందు ఆ సాయంత్రం మొదటిసారి నిలబడ్డాను. ఫోటోలో కొండ ఇంత నల్లగా లేదు. పైనున్న మబ్బు కాగితాన్ని దాటి గదిలోకి వస్తున్నట్టుంది.  ఇక ఆపకుండా మాట్లాడాను. అవ్వకి, రాజేశ్వరికి, మిల్లునుంచి అప్పుడే వచ్చిన వాళ్ళ చిన్నాయన సంజీవరాజు గారికి నా థీసిస్ మొత్తం అప్పజెప్పాను. బొమ్మ కింద అవ్వ మామగారు అరవ అక్షరాల్లో రాసిన రెండు ముక్కలు రాజేశ్వరి చదివి వినిపించింది: "ఏరు దాటేది." అంతే. ఇంత గొప్ప బొమ్మకి ఇంత చప్పటి పేరా అనుకున్నాను.

అవ్వ అంతా విని, "నీవు చెప్పేది బాగుండాది తాయీ" అంది. కాస్త ఆగి, "కానీ, కొండని చూసేదానికి ఏట్లో ఎందుకు దిగినారు? గట్టు మీద నిలబడితే కొండ అగుపడదా?" అని అడిగింది.

నేను నవ్వేశాను. చదువుకోని ముసలావిడ ప్రశ్న అనుకున్నాను. ఇప్పుడు అది రాయడానికి సిగ్గుగా ఉంది.

పన్నెండు అడుగులు

మర్నాడు కొండ కిందనున్న అయ్యనారు గుడికి వెళ్ళాం. గుడి వాగుకు అవతల. ఇవతలి గట్టున పొయ్యిలు పెట్టి పొంగలి వండుకుంటారు. వాగు చీలమండ లోతు. చిన్నచిన్న చేపలు పిల్లల కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. దర్శనం చేసుకుని ఇవతలికి వచ్చాం. మా పొయ్యి పక్కనే సత్రపట్టి వాళ్ళ పొయ్యి. ఆ ఊళ్ళో ఇంటింటా మరమగ్గాల మీద ఆస్పత్రి కట్ల గుడ్డ నేస్తారు. వాళ్ళలో పెద్దది గోవిందమ్మ. సంజీవరాజు గారికి ఎప్పటినుంచో తెలుసు. "రాజుగారి ఇంట్లో మిక్సీలు నాలుగు ఉండాయి, కొబ్బరికాయ కొట్టేదానికి మాత్రం మనిషి లేడు" అంటూ మా కొబ్బరికాయ తనే కొట్టింది.

ఇందు రాత్రి చూసిన బొమ్మను మళ్ళీ గీస్తానంది. వాగు మధ్య రాతి మీదినుంచి చూస్తే కొండ అచ్చం బొమ్మలోలాగే కనపడుతోందట. నేను రాతిదాకా నడిచి చూశాను. పన్నెండు అడుగులు. చీలమండ లోతు. రాయి మీద పాచి లేదు. అన్నీ చూసుకున్నాకే సరే అన్నాను. పైన కొండ నెత్తిన ఒక మబ్బు కూర్చుని ఉంది. దాన్ని చూసి, ఎంత అందంగా ఉందో అని కూడా అన్నాను.

ఆ తర్వాతే ఇత్తడి గిన్నె.

వేష్టులు

గిన్నె వదిలేసి లేచింది గోవిందమ్మే. "కొండమీది నుంచి నీళ్ళు దిగినాయి, ఎక్కండి, ఎక్కండి" అని ఒక్క కేక వేసింది. గట్టంతా లేచి నిలబడింది. కింద నేల సన్నగా వణకడం నా పాదాలకు తెలిసింది, మిల్లు గోడ పక్కన తెలిసినట్టే. ఆ తర్వాత హోరు.

ఇందు లేచి, గాలికి లేచిన పుస్తకాన్ని పట్టుకోబోయింది. "పుస్తకం వదిలెయ్! కదలకు!" అని రాజేశ్వరి అరిచింది.  మిన్నుని రాజేశ్వరి చేతిలో కుక్కి నేను నీళ్ళలోకి దూకబోయాను. పన్నెండు అడుగులే. అప్పటికే నీళ్ళు మోకాలు దాటాయి.

గోవిందమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. నిజంగా జడే పట్టుకుంది. "నీవు పోయినావంటే ఇద్దర్ని తేవాల. ఇక్కడ నిలబడు. పని ఉండాది నీకు" అంది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగింది. "ఏమి చూస్తా ఉండారు? వేష్టులు విప్పండి."

ఆరుగురు మగవాళ్ళు పంచెలు విప్పేశారు. సంజీవరాజు గారు ఒక్క క్షణం తటపటాయించారు. "రాజుగారూ, మీ చారల డ్రాయరు చూసి ఏరు భయపడి వెనక్కి పోతే మంచిదే గదా?" అంది గోవిందమ్మ. సత్రపట్టి కుర్రాడొకడు తమ బండిలోని కట్లగుడ్డ చుట్ట ఒకటి ఎత్తుకొస్తే కసిరింది. "అది దెబ్బ తగిలిన తర్వాతరా. వేష్టి దెబ్బ తగిలేదానికి ముందర."

ఇదంతా చెప్పినంతసేపు కూడా పట్టలేదు. వాళ్ళ చేతులకు ఏం చెయ్యాలో తెలుసు. పంచెలు నీళ్ళలో ముంచి, కొసలు ముడివేసి, ఇద్దరు చెరో కొస పట్టి మెలిపెట్టారు. తడిస్తేనే ముడి బిగుస్తుందట. ఒక కొస గట్టుమీది మద్దిచెట్టుకు చుట్టి నా చేతుల్లో, గోవిందమ్మ చేతుల్లో పెట్టారు, కొంచెం కొంచెంగా వదలమని. ఆరుగురూ రెండో కొస పట్టుకుని దిగారు.

వాళ్ళు నా బిడ్డవైపు తిరగలేదు. అందరూ కొండవైపు ముఖం పెట్టి, పక్కకి పక్కకి ఎండ్రకాయల్లా అడుగులేస్తూ పోతున్నారు. "ఇటు చూడరేం? పిల్ల అటుంది" అని నేను ఏడుస్తూ అరిచాను.

"నీళ్ళకి వీపు చూపించినావంటే ఎత్తుకోనిపోతాది. వచ్చేది కంట్లో పడాల" అంది గోవిందమ్మ. "నీవు కూడా కొండ దిక్కే చూడు."

చూశాను. జీవితంలో ఏ కొండనీ అలా చూడలేదు. పైన మబ్బు, దాని కింద నల్లటి చరియలు, ఆ చరియల నెర్రెల్లోంచి అన్ని వైపులనుంచీ తెల్లటి దారాల్లా నీళ్ళు. ఆ దారాలన్నీ ఒకచోట చేరి ఎర్రగా మా మీదికి వస్తున్నాయి. దానికి మామీద కోపం లేదు. మేమున్నామని దానికి తెలియదు. కాపాడమని దేవుణ్ణి కూడా అడగలేకపోయాను, అంత పెద్దగా ఉంది అది. నా అరచేతుల్లో మాత్రం తడిగుడ్డ మెలికలోంచి ఆ నీళ్ళ బరువు, దానికి ఎదురుగా ఆరుగురి బరువు, రెండూ తెలుస్తున్నాయి.

"కట్టె వస్తాది!" అన్నారు సంజీవరాజు గారు. మనిషంత దుంగ ఒకటి దొర్లుకుంటూ వస్తోంది. ఆరుగురూ ఒక్కసారి తాడు నెత్తిమీదికి ఎత్తి ఒళ్ళు పక్కకి తిప్పారు. దుంగ ఇద్దరి మధ్యలోంచి వెళ్ళిపోయింది. నావైపు, నా బిడ్డవైపు చూస్తూ నడిచి ఉంటే అది వాళ్ళకు కనపడేది కాదు.

చివరి మనిషి సంజీవరాజు గారే. తాడు ఎడమ చేతికి చుట్టుకుని, ముఖం కొండవైపే ఉంచి, కుడి చెయ్యి మాత్రం రాయివైపు చాచారు. చాచి అలాగే ఉంచారు. ఇందు పట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు వాళ్ళ నడుముకు వచ్చాయి. ఇందు ఆయన మెడకు కరుచుకుని ఉంది. గట్టెక్కాక దాన్ని ఒళ్ళో వేసుకుని చేతులు, కాళ్ళు, వేళ్ళు అన్నీ తడిమాను. మళ్ళీ తడిమాను. రాయి కనపడడం లేదు. అది ఎక్కడుండేదో కూడా చెప్పలేను.

గుడి వైపు చిక్కుకుపోయినవాళ్ళు మండపంలో కూర్చుని మాకు చేతులూపారు. నీళ్ళు తగ్గితే వస్తారట. వాళ్ళకి అది మామూలే. ఇటువైపు పంచెల ముడులు ఊడిరాక, మగవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని వరసగా కూర్చున్నారు. గోవిందమ్మ ముడులను పళ్ళతో కొరికి విప్పుతూ, అంచులు చూసి ఎవరిది వాళ్ళకి పంచింది. నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే ఒప్పుకోలేదు. కనీసం గిన్నె అయినా కొనిస్తానన్నాను.

"గిన్నెకి ఏమి. కింద ఏ ఊర్లోనో ఎవరికో దొరుకుతాది. వాళ్ళు పొంగలి పెట్టుకుంటారు" అంది.

మర్నాడు పొద్దున

ఆ సాయంత్రం అవ్వ పిల్లలకు దిష్టి తీసింది.  నేను, "ఆ బొమ్మలో వాళ్ళు కొండని చూడ్డానికి దిగలేదవ్వా" అన్నాను.

"ఆమా, అంతే" అంది అవ్వ, ఉప్పు పొయ్యిలో వేస్తూ.

పొద్దున రైలుకు ముందు పిల్లలిద్దర్నీ ఆ బొమ్మ ముందుకు తీసుకెళ్ళాను. ఇప్పుడు చూస్తే అందులో ఆరాధనగా చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. తొమ్మిదిమందీ పనిలో ఉన్నారు. నేను నురగ అని రాసిన తెల్లచారకు దగ్గరగా చూస్తే మూడు చోట్ల ముడులున్నాయి. దొర ఒక్కొక్క ముడినీ ఓపిగ్గా గీశాడు. కొండ మాత్రం తగ్గలేదు. నిన్నటికంటే పెద్దదే అయింది. తెలిసి గీశాడు ఆ కొండని.

ఇందు చాలాసేపు చూసింది. "అమ్మా, నేను నిన్న ఇదే చూశాను. అచ్చం ఇలాగే. వాళ్ళు నాకోసం వస్తుంటే" అంది.

 గట్టు మీదినుంచి చూస్తే మనుషులు ఇలా కనపడరు. నేను గట్టు మీదే ఉన్నాను కదా, వాళ్ళు నాకు దూరమవుతూ కనపడ్డారు. బొమ్మలో దగ్గరికి వస్తున్నారు. ఆ చెయ్యి నిస్సహాయంగా చాచింది కాదు. గీసినవాడికోసం చాచింది. ఆయన వాగు మధ్యలో ఉన్నాడు.

"ఆయన్ని కూడా పట్టుకున్నారా?" అని మిన్ను అడిగింది.

పట్టుకున్నారు కాబట్టే బొమ్మ ఉందని చెప్పాను. తర్వాత ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని, లిస్టులో లేని మాట ఒకటి చెప్పాను. "నీళ్ళ రంగు మారితే పుస్తకం, చెప్పులు, ఇత్తడి గిన్నె, ఏదైనా సరే అక్కడే వదిలేసి లేచి వచ్చెయ్యాలి. రాలేకపోతే కదలకుండా నిలబడి చెయ్యి చాచి ఉంచాలి. వచ్చేవాళ్ళు మీవైపు చూడడం లేదని భయపడకండి. వాళ్ళు కొండవైపు ముఖం పెట్టి, పక్కకి పక్కకి అడుగులేస్తూ, మీ దగ్గరికే వస్తూ ఉంటారు."